అద్దె మిగులుతుందని పడవ కొంటున్నారా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. నేను, నా భార్య ఇద్దరం ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాం. అమ్మాయి చదువు మరో రెండేళ్లలో పూర్తవుతుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసి తెరచాప పడవలో కాపురం ఉండాలని ఎన్నాళ్లుగానో కోరిక. 25 ఏళ్ల నాటి 11 మీటర్ల పడవ ఒకటి నచ్చింది. ధరలో 60 శాతం మా పొదుపు నుంచి తీస్తాం (ఆరు నెలల అత్యవసర నిధి కూడా అందులోనే ఉంది). మిగతా 40 శాతం పర్సనల్ లోన్. ఇప్పుడు కట్టే అద్దె, రేపు కట్టాల్సిన ఈఎంఐ దాదాపు సమానం కాబట్టి కొత్త భారం ఉండదని మా లెక్క. పడవకు మా అమ్మాయి పేరు పెట్టాలనుకుంటున్నాం. పాత పేరు మారిస్తే అరిష్టమని అమ్మే ఆయన అంటున్నారు. పేరు మార్చడానికి ఖర్చు ఎక్కువవుతుందా? మా ప్లాన్ సరైనదేనా?

జవాబు: పేరు మారిస్తే అరిష్టం ఏమీ రాదండీ. అత్యవసర నిధి ఊడ్చేసి, పైన పర్సనల్ లోన్ తీసుకుని పాతికేళ్ల పడవ కొంటే మాత్రం వస్తుంది. అందుకు సముద్ర దేవుడికి కోపం రానక్కర్లేదు.

‘అద్దె మిగులుతుంది, అదే ఈఎంఐకి సరిపోతుంది’ అనే మాట ఫ్లాట్ కొనేవాళ్లూ చెబుతారు, వ్యాన్‌ని ఇల్లుగా మార్చుకునేవాళ్లూ చెబుతారు. అందుకే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. పడవ విషయంలో ఈ లెక్క మొదటి నెలలోనే తప్పుతుంది. ఇంటి అద్దె ఆగిన రోజే మెరీనాలో (పడవలు నిలిపే రేవులో) బెర్త్ అద్దె, అంటే పడవను కట్టేసే చోటుకి అద్దె, మొదలవుతుంది. పడవలోనే నివసించేవాళ్ల దగ్గర చాలా మెరీనాలు ఎక్కువ వసూలు చేస్తాయి. కొన్నిచోట్ల అలాంటి బెర్తులు కొన్నే ఉంటాయి, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఈ మాట రాతపూర్వకంగా తీసుకోండి. ఆ పైన కరెంటు, నీళ్లు, మురుగు ట్యాంకు ఖాళీ చేయించడం ఉండనే ఉన్నాయి.

తర్వాత నిర్వహణ. ఏటా పడవ ధరలో పది శాతం ఖర్చవుతుందని పడవలవాళ్లు వేసుకునే మోటు లెక్క ఒకటుంది. మీ పడవ వయసుకి దాన్ని కనీసం అనుకోండి. ఏడాదికో రెండేళ్లకో పడవను క్రేన్‌తో గట్టు మీదికి ఎత్తించి, అడుగు గీకించి, నత్తగుల్లలు పట్టకుండా రంగు వేయించాలి. లోహపు భాగాలు తుప్పు పట్టకుండా కాపాడే జింకు ముక్కలు అరిగిపోతుంటాయి, మార్చాలి. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలకు పదేళ్లు దాటాయంటే బీమా సంస్థలు ఆరా తీయడం మొదలుపెడతాయి. ఇంజన్ మార్చాల్సి వస్తే పాత పడవ ధరలో పెద్ద భాగమే దానికి పోవచ్చు. మొత్తం తడిసి మోపెడవుతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది, అది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అద్దె ఇంట్లో ఉన్నవాడి కారు చెడిపోతే ఇల్లు ఎక్కడికీ పోదు. పడవే ఇల్లయితే, రిపేరు వచ్చిన రోజే తలదాచుకునే చోటూ పోతుంది. రిపేరుకి గట్టు మీదికి ఎత్తించిన పడవలో పడుకోవడానికి చాలా యార్డులు (పడవలు బాగుచేసే చోట్లు) ఒప్పుకోవు. ఒప్పుకున్నా నిచ్చెన మీద ఎక్కి దిగుతూ, నీళ్లూ బాత్రూమూ లేకుండా ఎన్నాళ్లుంటారు? యార్డు బిల్లు ఒకవైపు, బయట గది అద్దె ఇంకోవైపు, ఈఎంఐ మామూలే. మీరిద్దరూ పని చేసేది ఆ పడవలో నుంచే కాబట్టి ఇంటర్నెట్టు, కరెంటు పోతే జీతాలకూ ఎసరే. ఆస్తి, ఇల్లు, ఆఫీసు మూడూ ఒకే బోల్టు మీద వేలాడుతున్నాయి. మరి మీరు ముందుగా ఖర్చు పెట్టేస్తున్నది అత్యవసర నిధినే!

కాబట్టి నా మొదటి షరతు: ఆరు నెలల నిధిని ముట్టుకోవద్దు. అది మనుషుల కోసం. పడవ కోసం వేరే ఖాతాలో మరో నిధి ఉండాలి, ధరలో కనీసం 20 శాతం. దానికి తోడు, మూడు నెలలు బయట అద్దెకు ఉండగలిగేంత డబ్బు. ఈ మూడూ పక్కన పెట్టాక చేతిలో ఎంత మిగిలితే అంత ధర పడవ చూడండి. 11 మీటర్లు రాకపోతే 9 మీటర్లది చూడండి. చిన్న పడవకు బెర్త్ అద్దె, రంగు, తెరచాప అన్నీ తగ్గుతాయి.

పర్సనల్ లోన్ గురించి ఎక్కువ చెప్పను. విలువ ఏటా తగ్గే వస్తువు కోసం, ఎక్కువ వడ్డీకి, అత్యవసర నిధి లేకుండా అప్పు. మొదటి ఇంజన్ రిపేరుకి క్రెడిట్ కార్డు గీకుతారు, రెండోదానికి పడవను అమ్మకానికి పెడతారు. తొందరలో అమ్మే పాత పడవకు ఎవరూ మంచి ధర ఇవ్వరు, లోన్ మాత్రం అలాగే ఉంటుంది. వద్దు.

బీమా సంగతి కొనే ముందే తేల్చుకోవాలి. పడవను నీళ్లలోంచి తీయించి, పడవల పరిస్థితిని పరీక్షించే సర్వేయర్‌ని మీరే పెట్టుకుని చూపించండి. అమ్మే ఆయన చూపించే పాత రిపోర్టు పనికిరాదు. ఇంత పాత పడవకు ఆ సర్వే లేకుండా పాలసీ దొరకడమే కష్టం. పడవలోనే నివసిస్తామని దరఖాస్తులో స్పష్టంగా రాయండి. ప్రీమియం పెరుగుతుందని దాచారో, క్లెయిమ్ రోజున మొండిచెయ్యే. ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే పాలసీ తీసుకోండి, తరుగుదల తీసేసి ఇచ్చేది వద్దు. మునిగిన పడవను తొలగించే ఖర్చు, అవతలివాళ్లకు జరిగే నష్టం కూడా కవర్ కావాలి. మునిగిపోయిన పడవను తీయించే బిల్లు దాని ధరను మించినా ఆశ్చర్యం లేదు. తుప్పు, అరుగుదల మామూలుగా పాలసీల్లో రావు. అందుకే పడవ నిధి వేరుగా ఉండాలని పట్టుబడుతున్నాను. మీ ఇద్దరి టర్మ్, ఆరోగ్య పాలసీలు ఆపకండి. నివాసం పడవలోకి మారిందని ఆ సంస్థలకూ చెప్పండి.

ఇక పేరు. నావికుల నమ్మకం ప్రకారం ప్రతి పడవ పేరూ సముద్ర దేవుడి చిట్టాలో రాసి ఉంటుంది. పడవ మీద, లైఫ్‌బాయ్‌ల (నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే తేలే చక్రాల) మీద, తాళంచెవి బిళ్ల మీద పాత పేరు జాడ లేకుండా చెరిపి, ఆ పేరును చిట్టాలోంచి కొట్టేయమని వేడుకుని, సముద్రంలోకి వైన్ ఒంపి, నాలుగు దిక్కుల గాలులకూ మొక్కి, ఆ తర్వాతే కొత్త పేరు రాయాలి. ముచ్చటైన తంతు, ఖర్చూ తక్కువే. నిక్షేపంగా చేసుకోండి. ఒక్క మెలిక: పాత పేరున్న లాగ్‌బుక్కులు (ప్రయాణాలు, రిపేర్లు రాసిపెట్టే పుస్తకాలు) కూడా పడవలో ఉండకూడదంటారు. ఉండకూడదంటే పారేయమని కాదు, ఒడ్డున బీరువాలో దాచండి. రిపేర్ల చరిత్ర లేని పడవకు రేపు అమ్మేటప్పుడు బేరం తగ్గుతుంది.

తెరచాప స్తంభం కింద నాణెం పెట్టే ఆచారమూ ఉంది, చాలా పాతది. 1962లో లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర థేమ్స్ బురదలో బయటపడ్డ రోమన్ నావలో, స్తంభం దిగే గుంటలో డొమిషియన్ చక్రవర్తి నాటి నాణెం దొరికింది. దాని వెనక వైపు చుక్కాని పట్టుకున్న అదృష్ట దేవత ఫార్చ్యూనా బొమ్మ. మీరూ ఒక నాణెం పెట్టండి. మిగతావి బ్యాంకులో ఉండాలి.

దేవుడి చిట్టా కంటే మనుషుల చిట్టాలతోనే పని ఎక్కువ. రిజిస్ట్రేషన్‌లో, బీమా పాలసీలో, మెరీనా ఒప్పందంలో పేరు మారాలి. పడవ తాకట్టులో ఉంటే ముందుగా అప్పిచ్చినవాళ్లతో మాట్లాడాలి. పడవను గుర్తించడానికి దాని రేడియోకి ఇచ్చే తొమ్మిది అంకెల ఎంఎంఎస్ఐ నంబర్ వివరాల్లోనూ, ఆపదలో సిగ్నల్ పంపే బీకన్ రిజిస్ట్రేషన్‌లోనూ కొత్త పేరు ఎక్కించడం చాలామంది మరిచిపోతారు. వెతికేవాళ్లు పాత పేరున్న పడవ కోసం, పాత యజమాని ఫోన్ నంబర్ పట్టుకుని వెతుకుతుంటే ఏం లాభం?

మీ పడవ పేరు కూడా గతంలో ఎన్నిసార్లు మారిందో చూడండి. యార్డుకో మెకానిక్‌కో కట్టని బాకీ చాలాచోట్ల పడవనే అంటిపెట్టుకుని ఉంటుంది, యజమాని మారినా పోదు. పేరుతో వెతికితే దొరకకపోవచ్చు కాబట్టి పడవ బాడీ (హల్) మీద చెక్కిన గుర్తింపు సంఖ్యతో వెతికించండి. బాకీలేమీ లేవని అమ్మే ఆయన చేత సంతకం పెట్టించుకోండి.

ముందుగా ఆఫ్ సీజన్‌లో ఇలాంటి పడవనే మూడు నెలలు అద్దెకు తీసుకుని ఉండి చూడొచ్చు. నమ్మకమైన మరో జంటతో కలిసి కొనడమూ ఒక దారే, కానీ కాపురం పెట్టేవాళ్లకు అది కుదరడం కష్టం. అమ్మాయి చదువు పూర్తయ్యేదాకా ఈ రెండేళ్లూ, ఈఎంఐగా కట్టాలనుకున్న మొత్తాన్ని నెలనెలా పడవ ఖాతాలో వేయండి. అప్పటికి ఈ పడవ వేరేవాళ్లు కొనేసి ఉంటే కొననివ్వండి. పాత పడవలు ఎప్పుడూ అమ్మకానికి ఉంటూనే ఉంటాయి.