తెర ముందు కాసేపు: మీకిష్టమైన సినిమాల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మా ఊరి సాహిత్య సమావేశంలో ‘నాకు నచ్చిన పది తెలుగు సినిమాలు’ అని పది నిమిషాలు మాట్లాడమన్నారు. పేర్లు రాయబోతే అరవై దాటాయి. పదికి ఎలా కుదించాలి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అరవై పేర్లూ ఒకే కాగితం మీద రాయండి. ప్రతి పేరు ఎదుట ఆ సినిమాలోని ఒక్క సన్నివేశం రాయండి. ఎవరు ఎక్కడున్నారు, ఏం చేశారు, అంతే. ఫోన్ చూడకండి. సన్నివేశం గుర్తురాక పాట మాత్రమే నోట్లో ఆడితే అక్కడ చుక్క పెట్టండి. చుక్క పడ్డవాటిలో చాలావరకు మీకు నచ్చింది సినిమా కాదు, రేడియోలో ఏళ్ల తరబడి విన్న ఆ పాట. వాటికి వేరే జాబితా వేసుకోండి. సగం పేర్లు ఇక్కడే పోతాయి.

మిగిలినవాటిలో చిన్నప్పుడు చూసి మళ్లీ చూడనివి ఉంటాయి. వాటిని మొదటి నుంచి కాకుండా, విశ్రాంతి తర్వాత ఒక ఇరవై నిమిషాలు చూడండి. మొదలు, ముగింపు అందరికీ గుర్తుంటాయి. సినిమా నీరసించేది ఆ మధ్యలోనే. ఒకే దర్శకుడివి నాలుగు మిగిలితే రెండు ఉంచండి. కె.వి.రెడ్డి విషయంలో మాత్రం ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) రెండూ ఉండాల్సిందే. ఆరేళ్ల తేడాతో ఒకే ఎస్వీ రంగారావు అక్కడ వణికించే మాంత్రికుడు, ఇక్కడ ముద్దొచ్చే రాక్షసుడు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే నటన గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక మాట్లాడేటప్పుడు పదింటికీ తలా ఒక నిమిషం పంచకండి. ఏడింటికి పేరు, ఒక వాక్యం చాలు. మిగతా సమయమంతా మూడు సినిమాలకు ఇవ్వండి. ‘అద్భుతం’, ‘కళాఖండం’, ‘ట్రెండ్ సెట్టర్’ అనే మాటలు వస్తే ఆపి, తెర మీద కనిపించింది చెప్పండి. ఉదాహరణకు ‘శివ’ (1989). అన్న కూతుర్ని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని నాగార్జున సందుల్లో పడి తప్పించుకునే ఘట్టం తీసుకోండి. ఆ సినిమాకు స్టెడీక్యామ్ వాడారు. కెమెరామన్ ఒంటికి కట్టుకునే చట్రం అది. దానికున్న స్ప్రింగుల చెయ్యి నడకలోని కుదుపుల్ని మింగేస్తుంది. ట్రాలీ పట్టాలు పరవడానికి చోటు లేని దారుల్లోకి కెమెరా అలా దూరిపోతుంది. అందుకే తరిమేవాళ్ల ఊపిరి మన మెడ మీద పడ్డట్టుంటుంది. ఇంత చెబితే ‘శివ’ చూడనివాళ్లు కూడా ఆ రాత్రే వెతికి చూస్తారు.

ప్రశ్న: మా పిల్లలకు తొమ్మిది, పన్నెండేళ్లు. ‘మాయాబజార్’ చూపించాలని ఉంది. నలుపు తెలుపుదా, రంగులదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నలుపు తెలుపుదే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ ప్రతి దీపాన్నీ నలుపు, తెలుపు, వాటి మధ్య బూడిద ఛాయల లెక్కతోనే పెట్టాడు. ‘లాహిరి లాహిరి’ పాటలో నీళ్ల మీద మెరిసే వెన్నెల, పడవలోని ముఖాల చుట్టూ సన్నని వెలుగు గీత ఆ లెక్కలోంచే వచ్చాయి. 2010లో వచ్చిన రంగుల ప్రతిలో పనితనం ఉంది, దాన్ని తీసిపారేయను. కానీ దాన్ని సినిమాస్కోప్ వెడల్పుకు మార్చారు, నిడివి తగ్గించారు. దాదాపు చదరంగా ఉన్న బొమ్మను వెడల్పు తెరకు సరిపెట్టాలంటే పైనో కిందో కోయక తప్పదు. గోఖలే, కళాధర్ వేసిన సెట్ల ఎత్తు, ఘటోత్కచుడి నిలువెత్తు ఠీవి, రెండూ ఆ కోతలో దెబ్బతినేవే. పిల్లలు నలుపు తెలుపు అనగానే ముఖం తిప్పేస్తే ‘వివాహ భోజనంబు’ ఒక్కటి రంగుల్లో చూపించి, ఆసక్తి పుట్టాక అసలుది పెట్టండి.

పూర్తి సినిమా మూడు గంటల పైమాటే. ఒకే రోజు కూర్చోబెడితే రెండో గంటలో లేచిపోతారు. మూడు భాగాలు చేయండి. ద్వారక నుంచి సుభద్ర, అభిమన్యుడు బయలుదేరే వరకు మొదటిది. అడవిలో ఘటోత్కచుడు ఎదురుపడే దగ్గర్నుంచి, అతను మాయాశశిరేఖగా మారే వరకు రెండోది. పెళ్లి సంబరమంతా మూడోది.

పిల్లలు తడబడేది కథ తెలియక కాదు, చుట్టరికాలు అందక. మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు చెప్పండి: శశిరేఖ బలరాముడి కూతురు, అభిమన్యుడు సుభద్ర కొడుకు, వరసకు బావామరదళ్లు, చిన్నప్పుడే మాట అనుకున్నారు, పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకోగానే రేవతమ్మ మనసు మార్చుకుంది. పాండవులు సినిమాలో ఎక్కడా కనిపించరని ముందే చెప్పొద్దు. చివర్లో అడగండి, ఎంతమంది గమనించారో.

మూడో భాగంలో మీరు మాత్రం మాయాశశిరేఖగా చేసిన సావిత్రిని వదలొద్దు. ‘అహ నా పెళ్లియంట’లో సుశీల గొంతు మీద సిగ్గుపడే పెళ్లికూతురు, ఘంటసాల గొంతు రాగానే రాక్షసుడు. భుజాలు విచ్చుకుంటాయి, నడక బరువెక్కుతుంది, కనుబొమలు రంగారావువి అయిపోతాయి. ఎడిటింగ్ గారడీ ఏమీ లేదు, ఒంటితో చేసిన పని. తెలుగు తెర మీద ఒక నటి చేసిన దాంట్లో దీన్ని మించింది ఉందని నేననుకోను.

ప్రశ్న: టీవీలో పాత సినిమా పెడితే ముఖాలన్నీ లావుగా, కొన్నిసార్లు తలలు తెగిపోయి కనిపిస్తున్నాయి. టీవీ లోపమా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: టీవీ బాగానే ఉంది, సెట్టింగే తప్పు. ఆనాటి బొమ్మ వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. ఇప్పటి టీవీ తెర వెడల్పు 1.78 రెట్లు. నిండుగా కనిపించాలని సాగదీస్తే మనిషి దాదాపు 30 శాతం లావెక్కుతాడు. సాగదీయకుండా జూమ్ చేస్తే పైనా కిందా కలిపి బొమ్మలో నాలుగో వంతు దాకా పోతుంది, తలలు తెగేది ఇందుకే.

రిమోట్‌లో సెట్టింగ్స్, పిక్చర్, ఆ లోపల పిక్చర్ సైజ్ లేదా యాస్పెక్ట్ రేషియో తెరవండి. ముందు ‘ఒరిజినల్’ పెట్టి చూడండి. అయినా లావుగానే ఉంటే వీడియోనే సాగదీసి ఎక్కించారన్న మాట. అప్పుడు 4:3 పెడితే సరిపోతుంది. సరైందో కాదో తేల్చుకోవడానికి గుండ్రటి వస్తువు ఏదైనా చూడండి: రథచక్రం, చందమామ, కుంకుమ బొట్టు. కోడిగుడ్డులా ఉంటే ఇంకా తప్పే. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రావాలి కూడా. జూమ్ చేసి ఎక్కించిన వీడియో అయితే మాత్రం ఏ మీటా పనిచేయదు, వేరే ప్రతి వెతుక్కోండి.

అక్కడే ఉన్నారు కాబట్టి మరో రెండు: ‘వివిడ్’ మోడ్ తీసేయండి, నలుపు తెలుపు బొమ్మకు అది నీలం పూత పూస్తుంది. మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాకు టీవీ తనే మధ్యలో ఫ్రేములు కల్పించి సీరియల్ కళ తెస్తుంది.

ప్రశ్న: అందరూ పొగిడే ‘శంకరాభరణం’ నాకు నిదానంగా అనిపించింది. ఇంట్లో అంటే గయ్యిమన్నారు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిదానమే. 1980 నాటికి కూడా అది నిదానంగా సాగిన సినిమానే. మీ అభిప్రాయం మార్చుకోనక్కర్లేదు, కానీ ఇంకోసారి చూస్తే తులసిని చూడండి. మంజుభార్గవి పాత్రకు మాటలు చాలా తక్కువ. శంకరశాస్త్రి పాడుతున్నంతసేపూ దర్శకుడు విశ్వనాథ్ కెమెరాను ఆమె వైపు తిప్పుతూ ఉంటాడు; పాట ఎంత గొప్పదో మనకు తెలిసేది వినేవాళ్ల ముఖంలోంచి. అర్ధరాత్రి ఇంటి ముందు కుర్రాళ్లు గిటార్లు మోగిస్తే శాస్త్రి పాడి జవాబిచ్చే ఘట్టం కూడా చూడండి. ఈ రెండూ మిమ్మల్ని పట్టుకోకపోతే ఆ సినిమా మీది కాదు, దాంతో ఎవరికీ నష్టం లేదు. ఇంట్లోవాళ్లకు మాత్రం ‘బోర్’ అని వదిలేయకుండా ఎక్కడ ఆగిందో చెప్పండి. అప్పుడు తిట్టరు, వాదిస్తారు.

ప్రశ్న: మా అబ్బాయికి తెలుగు సగమే అర్థమవుతుంది. ‘మాయాబజార్’ రచయిత పింగళి మాటలు సబ్‌టైటిల్స్‌లో తేలిపోతున్నాయి. దేంతో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ‘పుష్పక విమానం’ (1987). సింగీతం శ్రీనివాసరావు సంభాషణలే లేకుండా తీశారు, సబ్‌టైటిల్స్‌తో పనే లేదు. శబ్దాలే కథ చెబుతాయి కాబట్టి ఫోన్ స్పీకర్ మీద కాకుండా మంచి స్పీకర్లతో చూడండి. తర్వాత అదే దర్శకుడి ‘ఆదిత్య 369’ (1991) వేయండి. టైమ్ మెషీన్ కథ పిల్లలకు ఇట్టే అందుతుంది, రాయల కాలంలోకి వెళ్లాక తెలుగు మీద వాడికే ఆసక్తి పుట్టొచ్చు. పింగళి మాటలు మూడో మెట్టు.

ప్రశ్న: హాస్యంలో ఒక్కటే చెప్పమంటే?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ‘మిస్సమ్మ’ (1955). ఉద్యోగం కోసం ఇద్దరు మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడతారు. నవ్వంతా ఆ ఒక్క అబద్ధంలోంచే పుడుతుంది, వేరే కామెడీ ట్రాక్ అతికించలేదు.

ప్రశ్న: పాత హిట్లు 4కెలో మళ్లీ విడుదలవుతున్నాయి. టికెట్ డబ్బులకు తగ్గట్టుంటాయా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: దేన్నుంచి తయారుచేశారన్న దాన్నిబట్టి ఉంటుంది. 35 ఎంఎం నెగెటివ్, అంటే కెమెరాలో నడిచిన అసలు ఫిల్మ్ దొరికి, దాన్ని స్కాన్ చేసి ఉంటే తప్పకుండా వెళ్లండి. ఇంట్లో ఎన్నడూ కనబడని చీర నేత, గోడ మీది రాత కూడా కనిపిస్తాయి. నెగెటివ్ పాడైపోయి, పాత వీడియో మాస్టర్‌ను కంప్యూటర్‌తో పెద్దది చేస్తే అంకె 4కె అయినా బొమ్మ అదే. ట్రైలర్‌ను ఫోన్‌లో కాకుండా టీవీలో చూసి తేల్చుకోండి. బుగ్గలు మైనం ముద్దలా నున్నగా ఉంటే, జుట్టు పోగులు కలిసిపోయి ఉంటే, టైటిల్ అక్షరాల అంచులు రంపపు పళ్లలా ఉంటే మానేయండి. సన్నని రేణువులు కదులుతూ కనిపిస్తే భయపడొద్దు, అది ఫిల్మ్ సహజ గుణం. దాన్ని పూర్తిగా చెరిపేస్తేనే ముఖాలు మైనమవుతాయి. మొదటి రోజు ఆటల్లో ఈలలు, కాగితాల వాన మధ్య మాటలు వినపడవు. పండగ కావాలంటే అప్పుడు వెళ్లండి. సినిమా కావాలంటే రెండో రోజు ఉదయం ఆటకు, హాల్లో మూడింట రెండు వంతులు వెనక్కి, మధ్య సీటు తీసుకోండి.