ఎలుకల్లో జ్ఞాపకశక్తి పెంచిన మందులు ఇంటర్ చదివే మా అబ్బాయికి ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. హన్మకొండలో ఎం.ఫార్మసీ చేసినప్పుడు నా ప్రాజెక్టు చిట్టెలుకల జ్ఞాపకశక్తి మీదే. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

డబ్బా మీద "ఎలుకల్లో నిరూపితం" అని రాసేవాళ్లు అసలు ఏం నిరూపించారో చెప్పరు. మేం కొన్ని రోజులు ఎలుకకు మందు తాగించి, తర్వాత స్కోపోలమిన్ సూది వేసి మతిమరుపు తెప్పిస్తాం. ఉమ్మెత్తలో ఉండేదే అది, మెదడులో జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. మందు తాగిన ఎలుకలో ఆ మతిమరుపు తక్కువగా ఉంటే "జ్ఞాపకశక్తి పెరిగింది" అని రాస్తాం. చాలా ప్రయోగాలు ఇలాంటివే. మీ అబ్బాయి మెదడును ఎవరూ అలా చెడగొట్టలేదు, బాగు చేయడానికి.

నా దగ్గర 30 ఎలుకలు, గుంపుకు 6. తెల్లవి, ఎర్ర కళ్లు, ఒక్కోటి పాతిక గ్రాములు కూడా ఉండదు. గుర్తు కోసం పిక్రిక్ యాసిడ్‌తో ఒకదానికి తల మీద, ఒకదానికి నడుం మీద, ఒకదానికి తోక మొదట్లో పసుపు చుక్క పెట్టేవాణ్ణి. ఆ పసుపు నా వేళ్లకు వారమైనా పోయేది కాదు. ప్లస్ గుర్తు ఆకారంలో ఎత్తు మీద ఒక చెక్క ఉంటుంది. రెండు వైపులకు గోడలుంటాయి, రెండు వైపులకు ఉండవు. గోడ లేని కొసన ఎలుకను వదిలి, గోడల మధ్యకు ఎన్ని సెకన్లలో పోతుందో చూడాలి. మర్నాడు దారి గుర్తుంటే ఇంకా తొందరగా పోతుంది. 90 సెకన్లయినా పోకపోతే 90 అని రాసుకోవాలి.

మొదటి రోజు రీడింగులు పొద్దున్నే అయిపోయాయి. తర్వాత ఎలుకల గది గోడకు అవతలే బోరు లారీ పెట్టి, చీకటి పడేదాకా బోరు వేస్తూనే ఉన్నారు. ఎలుక రాత్రి తిరుగుతుంది, పగలు నిద్రపోతుంది. ఆ రోజు ఒక్కటీ పడుకోలేదు. ఊకంతా ఒక మూలకు తోసి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మర్నాడు చూస్తే, ఏ సూదీ వెయ్యని గుంపులో నడుం చుక్కది చెక్క అంచు పట్టుకుని కిందికి చూస్తూ 90 దాకా కదల్లేదు. ముందు రోజు 40లో పోయింది అది! జ్ఞాపకశక్తి మందుగా పేరున్న పిరాసెటమ్ ఇచ్చిన గుంపుదీ అదే కథ. గైడ్ సార్ నా నోట్‌బుక్ చూసి మొత్తం కొట్టేయమన్నారు. మళ్లీ జంతు ప్రయోగాల కమిటీ అనుమతి, మళ్లీ కొత్త ఎలుకలు, నాలుగు నెలలు పోయాయి. చప్పుడుకు బెదిరాయని అందరూ అన్నారు. నేను ఒప్పుకోను. నేర్చుకున్నది మెదడులో ఎక్కువగా కుదురుకునేది నిద్రలోనే. ఆ నిద్ర లేకపోయేసరికి ఏ మందూ వాటిని ఆదుకోలేదు.

ఆ పిరాసెటమ్ 1964లో బెల్జియంలో గిర్జియా అనే శాస్త్రవేత్త బృందం తయారు చేసింది. ఇలాంటి జ్ఞాపకశక్తి మందులకు "నూట్రోపిక్" అనే పేరు కూడా 1972లో ఆయన పెట్టిందే. అంతకు చాలా ముందు, 1917లోనే, ముష్టి గింజల్లో ఉండే స్ట్రిక్నిన్ అనే విషం కొంచెం ఇస్తే ఎలుకలు దారి తొందరగా నేర్చుకున్నాయని లాష్లీ అనే అమెరికా శాస్త్రవేత్త రాశాడు. ఎలుకలు నేర్చుకున్నాయని పిల్లలకు ముష్టి గింజ పెడతామా?

ఇంకో బాధ కూడా చెప్పాలి. షాపులో బ్రాహ్మి అడిగితే సరస్వతి ఆకు పొడి చేతిలో పెడతారు. రెండూ వేర్వేరు మొక్కలు! లక్నోలో సీడీఆర్ఐ (కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ) వాళ్లు ఎలుకల మీద చూసింది నీటి బ్రాహ్మిని. మనుషుల్లో కూడా రోజుకు 300 మిల్లీగ్రాములు 12 వారాలు వాడాక కొంత తేడా కనిపించిందన్నారు. పరీక్షకు వారం ముందు మింగితే ఏమొస్తుంది?

మా అక్క కొడుకు కూడా "మామా, యాదికుండే గోలీ ఏమన్నా ఉన్నదా?" అని ఫోన్ చేశాడు. హాస్టల్లో రాత్రి పదకొండున్నర దాకా స్టడీ అవర్, నాలుగున్నరకు బెల్లు. బాసరలో అక్షరాభ్యాసం చేయించి, ఎంతో ఆశగా చదివిస్తున్న పిల్లాడికి ఐదు గంటల నిద్ర! అక్కతో గొడవపడి మరీ హాస్టల్ మాన్పించి, నయీంనగర్‌లో గది తీసుకున్నాం. ఇప్పుడు పదింటికి లైటు బంద్ చేసి పడుకుంటున్నాడు. రాత్రి ఎన్నింటికి పడుకోనిస్తున్నారో మీ వాణ్ణి కూడా ఈ రోజే అడగండి.