విక్టోరియా సావరిన్: బంగారానికి ఎంత, అరుదుకు ఎంత?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పటిదాకా 9,000 పౌండ్లు దాచాను. ఇంటి ఖర్చు నెలకు 2,200. విక్టోరియా రాణి కాలం నాటి అరుదైన బంగారు నాణేలు సేకరించాలని ఆశ. ఒక వ్యాపారి 1887 నాటి జూబ్లీ సావరిన్‌ను (రాణి పాలనకు యాభై ఏళ్లు నిండినప్పటి బ్రిటిష్ బంగారు నాణెం) బంగారం విలువ మీద 35 శాతం ఎక్కువకు ఇస్తానంటున్నారు. కొనవచ్చా?

జవాబు: ఆ ధరకు వద్దండి. 1887లో ఒక్క లండన్ టంకశాలే పది లక్షలకు పైగా సావరిన్లు కొట్టింది. పాతదైనంత మాత్రాన అరుదైనదని కాదు.

సావరిన్ బరువు 7.98 గ్రాములు. 22 క్యారెట్లు కాబట్టి అందులో అసలు బంగారం 7.32 గ్రాములు. దాన్ని ఆ రోజు గ్రాము ధరతో లెక్క కట్టండి. బంగారం విలువ 1,000 పౌండ్లు అనుకుంటే మీరు 1,350 ఇస్తారు. రేపు అవసరం వచ్చి అమ్మితే చేతికి వచ్చేది బంగారం విలువే. ఆ 350 తిరిగి రావాలంటే బంగారం 35 శాతం పెరగాలి.

నిజంగా అరుదైనవి లేకపోలేదు. 1841 సావరిన్లు కొట్టిందే 1,24,054. అలాంటి వాటికి ధర కట్టేది నాణెం స్థితిని బట్టి. అందుకే భూతద్దం కొనండి, నాణేన్ని పాలిష్ మాత్రం చేయకండి. జూబ్లీ నాణెంపై ఉన్న గుర్రపు రౌతు బొమ్మలో, గుర్రం గిట్టల కింద నేల గీత మీద చిన్న అక్షరం వెతకండి. అది ఏ టంకశాలదో చెబుతుంది: ఎస్ ఉంటే సిడ్నీ, ఎమ్ ఉంటే మెల్బోర్న్, ఏమీ లేకపోతే లండన్. తర్వాత అంచును వేళ్ల మధ్య మెల్లగా తిప్పండి. మన కాసుల పేరులో లాగా ఎప్పుడో కొక్కెం అతికించి తీసేసి ఉంటే, ఒకచోట గరుకుగా మచ్చ కనిపిస్తుంది. అలాంటి నాణేనికి బంగారం ధరకు మించి ఇవ్వకండి. 1950, 60లలో లెబనాన్ రాజధాని బేరూత్‌లో నిజమైన బంగారంతోనే నకిలీలు తయారుచేశారు. కాబట్టి బరువు సరిపోయిందని నమ్మేయకండి, నిపుణులకు చూపించండి.

పన్ను టెన్షన్ అక్కర్లేదు. 1837 తర్వాతి సావరిన్లు బ్రిటన్‌లో ఇప్పటికీ చట్టబద్ధమైన డబ్బే, అందుకే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. ఇండియాకు తేవడం మాత్రం ఆలోచించి చేయండి. కస్టమ్స్‌లో నగలకు ఇచ్చే మినహాయింపు నాణేలకు లేదు. పైగా వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. ఒకసారి ఇక్కడికి వచ్చాక తిరిగి తీసుకెళ్లనివ్వరు. అమ్మకు చూపించాలనుకుంటే ఫొటో పంపండి.

మీ డబ్బులో మూడు నెలల ఖర్చు 6,600 బ్యాంకులోనే ఉండాలి, దాన్ని కదపకండి. మిగిలిన 2,400లో సగానికి మించి నాణేలకు పెట్టవద్దు. మొదట బంగారం ధరకు దగ్గరగా దొరికే మామూలు సావరిన్ ఒకటి కొని, ఆరు నెలలు చేతిలో ఉంచుకోండి. 1841 లాంటివి మీ కంటికి అలవాటు పడ్డాకే.