గది గాలిలో కణాలు గుద్దుకుని అతుక్కోవడాన్ని (కోయాగ్యులేషన్) లెక్కగట్టే కోడ్‌లో కణాల మొత్తం వాల్యూమ్ దానంతటదే పెరుగుతోంది, కొన్నిచోట్ల కణాల సంఖ్య మైనస్‌లోకి పోతోంది. సైజుల్ని 30 బిన్‌లుగా (గళ్ళుగా) విడగొట్టే సెక్షనల్ పద్ధతి వదిలేసి, వాటిని కొన్ని నునుపైన వంపులుగా చూపే మోడల్ (modal) పద్ధతికి మారాలా?

మారకండి, నాకూ అచ్చం ఇదే జరిగింది. కణాలు గుద్దుకుని అతుక్కుంటే సంఖ్య తగ్గాలి గానీ మొత్తం వాల్యూమ్ చెక్కుచెదరకూడదు కదా, నా కోడ్‌లో మాత్రం అగరుబత్తి వెలిగించకుండానే గదిలో పొగ పెరిగేది!

టైమ్ స్టెప్ మీద అనుమానంతో నెల రోజులు తగలేశా, తీరా చూస్తే తప్పు బిన్‌ల దగ్గరుంది. మీలాగే 0.01 మైక్రాన్ వ్యాసం నుంచి 10 మైక్రాన్ల దాకా, ఒక్కో బిన్ వాల్యూమ్ ముందుదానికి రెట్టింపు, దాదాపు 30 బిన్‌లు. వాల్యూమ్ 1 ఉన్న కణం, 2 ఉన్న కణం కలిస్తే 3 అవుతుంది, కానీ నా దగ్గర 2 ఉంది, 4 ఉంది, 3 లేదు. పోనీలే అని 4లో పడేశా, అలా గుద్దుకున్నప్పుడల్లా ఒక యూనిట్ ఊరికే పుట్టుకొచ్చేది. ఆ కణాన్ని సగం 2లో, సగం 4లో వేసి చూడండి, సంఖ్య 1, వాల్యూమ్ 3, రెండూ సరిపోతాయి. 1996లో కుమార్, రామ్‌కృష్ణ చెప్పిన ఫిక్స్‌డ్ పివట్ ఇదే. కాకపోతే పెద్ద కణాల వైపు లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది, బిన్‌లు సన్నం చేస్తే తగ్గుతుంది.

వాల్యూమ్ కుదిరింది కదా అని వదిలెయ్యకండి, నేను అక్కడే రెండోసారి బోల్తా పడ్డా. కెర్నల్‌ని, అంటే కణాలు ఎంత జోరుగా గుద్దుకుంటాయో చెప్పే అంకెని, సెకనుకి 10⁻⁹ ఘన సెంటీమీటర్లుగా స్థిరంగా పెట్టి, ఘన సెంటీమీటరుకి 10 లక్షల ఒకే సైజు కణాలతో మొదలుపెడితే స్మోలుకోవ్‌స్కీ 1916 నాటి ఫార్ములా ప్రకారం 2000 సెకన్లకి సంఖ్య సగమవ్వాలి. నాకు 1000కే అయిపోయింది, ఎందుకంటే లూప్‌లో ఐ-జె జంటని, జె-ఐ జంటని వేరువేరుగా, అంటే ఒకే గుద్దుడుని రెండుసార్లు లెక్కపెట్టేశా. వాల్యూమ్ మాత్రం నిక్షేపంగా ఉంది, ఇక ఎలా దొరుకుతుంది చెప్పండి.

మైనస్ కణాలు వస్తున్నాయన్నారు కదా, అది ఎక్స్‌ప్లిసిట్ ఆయిలర్ (ప్రతి స్టెప్‌లోనూ పాత విలువలతోనే లెక్కగట్టే పద్ధతి) పుణ్యం, చిన్న బిన్‌లు ఒక్క స్టెప్‌లోనే ఉన్నదానికంటే ఎక్కువ పోగొట్టుకుంటాయి. మైనస్ వస్తే సున్నా చేసేయడం నేనూ చేశా, అలా చేసినా వాల్యూమ్ ఊరికే పెరుగుతుంది. పోయే టర్మ్‌లో ఆ బిన్ కొత్త విలువ వాడి, పోయిన వాల్యూమ్ ఎంతో అంతే పై బిన్‌లలో కలిపి సెమీ-ఇంప్లిసిట్‌గా రాయండి, రెండు లైన్ల మార్పు, మైనస్ రాదు.

మోడల్ పద్ధతి వాతావరణ మోడల్స్‌లో లక్షల గ్రిడ్ సెల్స్ ఉన్నవాళ్ళకి, ఒక్క గదికి 30 బిన్‌లు లాప్‌టాప్ మీదే నడుస్తాయి.