మలివయసులో అమెరికా చేరిన ఫిలిప్పీన్స్ సైనికులు

ప్రశ్న: సైన్యంలో పనిచేసి విశ్రాంతి పొందిన మా నాన్నగారికి 74 ఏళ్లు. కాలిఫోర్నియాలో ఉన్న తమ్ముడు తన దగ్గరే స్థిరపడమని ఒత్తిడి చేస్తున్నాడు. ఫిలిప్పీన్స్ మాజీ సైనికులు ఎందరో ఇదే వయసులో అక్కడికి వెళ్లారని చదివాను. వారికి ఏం దక్కింది?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: వారు వెళ్లింది బిడ్డల పిలుపు మీద కాదమ్మా, రావలసిన బాకీ కోసం. ఫిలిప్పీన్స్ అమెరికా ఏలుబడిలో ఉన్నప్పుడు, 1941 జూలైలో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అక్కడి దళాలను అమెరికా సైన్యం కిందికి తెచ్చారు. జపానుతో పోరాడిన ఆ రెండున్నర లక్షల పైచిలుకు మందిలో అత్యధికుల సేవ సైనిక సేవ కిందికి రాదని 1946 ఫిబ్రవరిలో ఒక చట్టం తేల్చేసింది. 1990 నాటి చట్టం పౌరసత్వానికి దారి తెరిచేసరికి, బతికి ఉన్నవారు చాలావరకు డెబ్బయ్యో పడిలో పడ్డారు.

పౌరసత్వం వచ్చింది గానీ, దానితోపాటు సైనిక పింఛను రాలేదు. పేద వృద్ధులకిచ్చే నెలసరి భత్యంతో శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ వంటి నగరాల్లో ఇరుకు గదులు పంచుకుని, తిండి దగ్గర మిగిల్చిన డబ్బును ఇంటికి పంపినవారెందరో. వరుసగా 30 రోజులు దేశం దాటి ఉంటే ఆ భత్యం ఆగిపోతుంది కనుక, భార్య మంచాన పడినా వెళ్లి నాలుగు నెలలు దగ్గరుండే వీలు లేకపోయింది. నన్ను అన్నిటికంటే కలచివేసేది ఇదే. పెళ్లయిన పిల్లలను రప్పించుకోవాలంటే ఇరవై ఏళ్లకు పైబడిన నిరీక్షణ. స్వదేశంలో ఉంటూనే భత్యంలో ముప్పాతిక వంతు పొందే వీలును 1999 చివర్లో వచ్చిన చట్టం కల్పించింది. 2009లో పౌరులకు 15,000 డాలర్లు, ఇతరులకు 9,000 డాలర్లు ఒక్కసారి చెల్లించే ఏర్పాటు జరిగింది. అప్పటికే చాలామంది కన్నుమూశారు.

మీ నాన్నగారి పింఛను భారత ప్రభుత్వానిది. ఏటా జీవన ధ్రువపత్రం అందిస్తుంటే అది ఆగదు. కానీ మాజీ సైనికుల వైద్య పథకం కింద ఇక్కడ దొరికే చికిత్స అక్కడ దొరకదు, కాబట్టి వైద్య బీమా ఖర్చు ఎవరు భరిస్తారో, ఎంతవుతుందో తమ్ముడితో ముందే తేల్చుకోండి. సాయంత్రం అరుగు మీద చేరి తెలుగూ ఒడియా కలగలిపి కబుర్లాడే నేస్తాలు ఆయనకు ఎంత అవసరమో మీకే తెలుసు. ముందుగా సందర్శక వీసా మీద కొన్ని నెలలు ఉండి రమ్మనండి. తిరిగి వచ్చాక, తమ్ముడు పక్కన లేనప్పుడు, ఆయననే అడగండి.