కంప్యూటర్లకు తాళం పడితే: తొలి ఆరు గంటలు

ప్రశ్న: గుంటూరు దగ్గర మాకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. పది కంప్యూటర్లు, ఒక సర్వరు. రైతుల బస్తాల లెక్కలు, అద్దెలు అన్నీ అందులోనే. ఈమధ్య తెలిసినవాళ్ళ మిల్లులో రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే వైరస్) పడి ఫైళ్ళేవీ తెరుచుకోలేదు. మాకూ అలా జరిగితే ప్రభుత్వ సాయం ఉంటుందా? ముందుగా ఏం చేసుకోవాలి?

జవాబు: ఉంటుంది. కేంద్ర ఐటీ శాఖ కింద 2004 నుంచి పనిచేస్తున్న సెర్ట్-ఇన్‌ (కంప్యూటర్ దాడులప్పుడు సాయపడే జాతీయ సంస్థ) ఉన్నది ఇందుకే. 2022 ఏప్రిల్ 28న అది ఇచ్చిన ఆదేశాల ప్రకారం, దాడిని గమనించిన 6 గంటల్లోపు మీరే తెలియజేయాలి. చిన్న వ్యాపారమే కదా అని ఊరుకోవడానికి లేదు. అన్ని వివరాలూ చేతికి వచ్చేదాకా ఆగకండి. తెలిసినంత చెప్పి, మిగతావి తర్వాత పంపవచ్చు. ఫోను 1800-11-4949. ఫారం వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. దాన్ని ఇప్పుడే ప్రింటు తీసి సగం నింపి ఉంచండి, ఆ రోజు మీ ప్రింటరు కూడా పనిచేయకపోవచ్చు. పోలీసు ఫిర్యాదు వేరుగా ఇవ్వాలి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. దాడి ఎలా వచ్చింది, ఇంకా ఎక్కడ దాగుంది, ఏం మూయాలి అన్నది సెర్ట్-ఇన్‌ వాళ్ళు చెప్తారు. మీ ఫైళ్ళను తిరిగి తెచ్చిపెట్టే భారం మాత్రం మీ బ్యాకప్‌దే. బ్యాకప్‌ డిస్కును కాపీ పని కాగానే సర్వరు నుంచి ఊడదీయాలి. తగిలించి వదిలేస్తే దానికీ తాళం పడుతుంది. ఇంకో కాపీ వేరే చోట ఉండాలి. నెలకోసారి ఒక పాత బిల్లును దానిలోంచి తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్‌ ఉన్నా లేనట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది ఆధారాల దగ్గర. కంగారులో రిపేరు కుర్రాణ్ణి పిలిచి ఆ సాయంత్రమే ఫార్మాట్ కొట్టిస్తారు. ఇక దాడి ఏ దారిన వచ్చిందో ఎవరూ చెప్పలేరు, అదే దారిన మళ్ళీ వస్తుంది. కాబట్టి ముందు నెట్‌వర్కు వైరు పీకి, వైఫై ఆపండి. కంప్యూటరును ఆఫ్ చేయకండి, మెమరీలో ఉన్న ఆనవాళ్ళు పోతాయి. తెర మీది బెదిరింపు నోటును ఫోనుతో ఫొటో తీయండి. తాళం పడ్డ ఫైళ్ళను చెరపకండి, పేర్లు మార్చకండి.

లాగ్‌లు, అంటే కంప్యూటరులో ఎప్పుడు ఏం జరిగిందో రాసుకునే రికార్డులు, 180 రోజులు ఉంచాలన్నదీ సెర్ట్-ఇన్‌ ఆదేశాల్లోనే ఉంది. విండోస్‌లో సెక్యూరిటీ లాగ్ మామూలుగా 20 ఎంబీ మాత్రమే. అది నిండగానే పాతవి చెరిగిపోతాయి. సైజు పెంచి, వారానికోసారి వేరే చోటికి కాపీ చేయించండి. కంప్యూటర్ల గడియారాలన్నీ కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వరుతో, లేదా వాటితో సరిపోలే సర్వరుతో కలపాలి. ఒక్కో మిషను ఒక్కో టైము చూపిస్తే ఏది ముందు జరిగిందో తేలదు. అకౌంటెంటు ఇంటి నుంచి పనిచేయడానికి రిమోట్ డెస్క్‌టాప్‌ను (దూరం నుంచే ఆఫీసు కంప్యూటరును నడిపే సదుపాయం) నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఈ రోజే మూయించండి. రాన్సమ్‌వేర్ తరచుగా దూరేది ఆ తలుపులోంచే.

ప్రశ్న: సరుకు అమ్మే సంస్థ నుంచి ‘బ్యాంకు ఖాతా మారింది’ అని మెయిల్ వస్తే డబ్బు పంపేశాం. మోసమని ఇప్పుడే తెలిసింది.

జవాబు: ఇది చదవగానే సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. లావాదేవీ యూటీఆర్ నంబరు (బ్యాంకు ప్రతి బదిలీకి ఇచ్చే గుర్తింపు నంబరు), సమయం దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇంకా ఏదైనా ఖాతాలో ఉంటే అక్కడ ఆపించే వీలుంటుంది, ఆలస్యమైనకొద్దీ అది చేతులు మారిపోతుంది. మీ బ్యాంకుకూ చెప్పండి. తర్వాత మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ రూల్స్ చూడండి. దొంగలు మీ మెయిల్‌లోకే దూరి ఉంటే, ఉత్తరాలు తమకు చేరేలా అక్కడ రూలు పెడతారు. పాస్‌వర్డు మార్చినా అది పోదు, వెతికి తీసేయాలి.