లిబరల్ అంటే ఎక్కడి లిబరల్?

మీ సందేహం: అమెరికాలో లిబరల్ అంటే ప్రభుత్వం మరింత బాధ్యత తీసుకోవాలనేవాడు, ఆస్ట్రేలియాలో లిబరల్ పార్టీ అంటే సంప్రదాయవాదుల పార్టీ, ఇందులో ఏది సరి?

రెండూ సరే. ఆ పేరు పెట్టుకున్న రోజున ఎవరితో తగవు పడుతున్నారో చూస్తే చిక్కు విడిపోతుంది. 1812 నాటి స్పెయిన్‌లో రాజుకు రాజ్యాంగంతో పగ్గం వేయాలన్నవారు లిబరల్స్. ఫ్రాన్స్‌లో విప్లవం తర్వాత రాజరికాన్నీ చర్చినీ నిలబెట్టాలని రచయిత షాటోబ్రియాన్ 1818లో పెట్టిన పత్రికతో కన్సర్వేటివ్ (సంప్రదాయవాది) అన్న పేరు రాజకీయాల్లోకి వచ్చింది. బ్రిటన్‌లో రాజునూ చర్చినీ వెనకేసుకొచ్చే టోరీ పక్షంవారు 1830లలో దాన్ని తగిలించుకున్నారు. అప్పటి లిబరల్‌కు భయమంతా రాజ్యాధికారం మీదే కనుక వ్యాపారంలోనూ సర్కారు వేలు పెట్టకూడదన్నాడు. 1930ల మాంద్యంలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దీన్ని తిరగేశాడు. ఆకలితో ఉన్నవాడికి స్వేచ్ఛ ఎక్కడిది, ప్రభుత్వమే దిగాలి అంటూనే లిబరల్ పేరు వదల్లేదు. అసలు లిబరల్‌ను నేనే అని ఆయన చేతిలో ఓడిన పాత అధ్యక్షుడు హూవర్ ఎంత మొత్తుకున్నా వినేవారు లేరు. ఆస్ట్రేలియాలో 1944లో లిబరల్ పార్టీ పెట్టిన మెంజీస్‌కు ఎదురుగా ఉన్నది, సర్కారు పెత్తనం పెరగాలనే లేబర్ పార్టీ. అందుకే అక్కడ పాత అర్థం బతికిపోయింది.

ఇంత దూరం వెళ్లనక్కర్లేదు, మా గుంటూరు జిల్లా చాలు. నిడుబ్రోలు వాసి ఎన్.జి. రంగా జమీందారీల మీద పోరాడిన మనిషి, 1936లో అఖిల భారత కిసాన్ సభ స్థాపకుల్లో ఒకరు. కాంగ్రెస్ 1959లో నాగపూర్‌లో సహకార వ్యవసాయానికి తీర్మానం చేస్తే, రైతు పొలం రైతు చేతిలోనే ఉండాలంటూ రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీలోకి నడిచి తొలి అధ్యక్షుడయ్యారు. పర్మిట్లు, లైసెన్సులు వద్దన్న ఆ పార్టీ ఐరోపా లెక్కలో అచ్చమైన లిబరల్. ఇక్కడ మాత్రం ఛాందసుల పార్టీ అనిపించుకుంది. మహారాజులు బారులు తీరి చేరారు మరి!

గుంటూరు పక్క పల్లెలో మా తాతగారు ఆ పార్టీ నక్షత్రం గుర్తుకే ఓటు వేసేవారు. ధాన్యం సేకరణకు అధికారులు వస్తే గాదె ముందు నులకమంచం వాల్చుకుని కూర్చుని, "నా వడ్లు, నా ఇష్టం" అనేవారు. తమ్ముడి కూతురు వేరే కులం అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు మాత్రం ఆ ఇష్టం మాట ఆయనకు గుర్తు రాలేదు. పెళ్లికి కూడా వెళ్లలేదు. కమ్యూనిస్టు అయిన ఆ తమ్ముడు మంత్రాలు లేకుండా బెజవాడలో దండలు మార్పించి పెళ్లి జరిపించారు. కానీ భూమి, ధాన్యం, ధర అన్నీ ప్రభుత్వం చేతిలో ఉండాలనేవారు. ఈ అన్నదమ్ముల్లో లిబరల్ ఎవరో నన్నడిగితే, పొలం సంగతా పెళ్లి సంగతా అని ఎదురు ప్రశ్న వేస్తాను. టీవీ చర్చల్లో ఆ ప్రశ్న ఎవరూ వేయరు, తిట్టుగా వాడుకోవడమే వారికి సులువు.

రంగా తర్వాత ఇందిర కాంగ్రెస్‌లో చేరి 1980లో గుంటూరు నుంచే లోక్‌సభకు గెలిచారు. తాతగారు అప్పుడూ ఆయనకే వేశారు. "అది కాంగ్రెస్ కదా నాన్నా" అని మా నాన్న అంటే, "రంగా గారు కదరా" అన్నారు.